తెర చచ్చిన కెమెరా

చంద్రకాంత్ కెమెరాను కౌంటరు మీద పెట్టి, నిద్రపోతున్న పసిబిడ్డను దింపినట్టు రెండు చేతులూ మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

“సూడు బిడ్డ. స్క్రీన్ సచ్చింది గానీ కెమెరా సావలే.”

జ్యోతిరాణి వెంటనే ముట్టుకోలేదు. రైలు కిటికీ మసి అంటిన చేతులను చున్నీకి తుడుచుకుంది. ఈ కెమెరా బేరానికే పొద్దటి రైలుకు వికారాబాద్ నుంచి తాండూరు వచ్చింది. వస్తూ వస్తూ తన పాత కెమెరాను కూడా సంచిలో వేసుకుంది. కొత్త సంబంధం చూడటానికి పోతూ పాత మొగుణ్ని వెంట పెట్టుకుపోయినట్టుందని ఆమె భర్త బాలస్వామి ఇంటి దగ్గరే నవ్వాడు. అయినా దాన్ని వదిలి రాబుద్ధి కాలేదు.

చంద్రకాంత్ ఫోటో స్టూడియో ముందు బండల లారీ ఒకటి ఆగి ఉంది. దాని మీంచి లేచిన తెల్లటి దుమ్ము గాజు తలుపు కింది సందులోంచి లోపలికి వచ్చి ఎండలో తేలుతోంది. ఆమె కెమెరాను ఎత్తింది. బరువు మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా వచ్చి ఆగింది. మోచేతిని పక్కకు ఆనించుకుని, ఊపిరి సగం వదిలి, కన్ను పెట్టింది. 

ఇన్నేళ్ళూ తను తలుపు సందులోంచి లోకాన్ని చూసిందని అప్పుడు అర్థమైంది. ఇక్కడ తలుపు బార్లా తెరిచి ఉంది. కౌంటరు, దాని మీద పాస్‌పోర్టు ఫోటోల కత్తెర, గాజు తలుపు, లారీ, లారీ మీద కూర్చుని రొట్టె తింటున్న ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనకాల ఆకాశం. ఒకదాన్నొకటి తోసుకోకుండా అన్నీ ఉన్నాయి. ఆమెకు ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా చూసి ఏడ్చేదాన్ని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని కన్ను తీయలేదు.

తేడా చిన్నదే. పాత కెమెరాలో వెలుతురు పడే బిళ్ళ బొటనవేలి గోరంత ఉంటుంది. ఈ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో తపాలా బిళ్ళంత. అదే చోట నిలబడి, అదే లెన్సుతో తీస్తే రెండు పక్కలా ఇంకొంచెం లోకం పడుతుంది. ఆ ఇంకొంచెం విలువ ఇరుకు ఇళ్ళలో ఫోటోలు తీసేవాళ్ళకే తెలుస్తుంది. సీమంతమైనా, ఉయ్యాల పండుగైనా, అందరినీ పట్టించాలని వెనక్కి వెనక్కి జరగడం, వీపు గోడకు తగిలి ఆగిపోవడం, చివరి ఇద్దరిని వదిలేయడం. జ్యోతిరాణి పని అదే. వికారాబాద్‌లో చాలా ఇళ్ళ గోడలు ఆమె కళ్ళకన్నా వీపుకే బాగా తెలుసు. వెడల్పుగా చూపించే లెన్సు ఒకటి ఉండేది, పోయిన ఏడు ఎవరిదో పెళ్ళిలో పసుపు నీళ్ళ గంగాళంలో పడి చచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే లెన్సు.

“తెర లేకుంటే తీసింది ఎట్ల చూసుకోవాలె సార్?”

“ఇంటికి పోయి చూస్కో. మేము రీలు కెమెరాల వారం దినాల దాక చూస్కోలే. పెండ్లిండ్లు ఆగినయా?” చంద్రకాంత్ తన పెద్ద లెన్సును విప్పి పక్కన పెట్టుకున్నాడు. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక ఆయన పెళ్ళిళ్ళు మానేశాడు. “లెన్సు మాత్రం ఇయ్య. నీ తాన ఉంది గద?”

“ఉంది సార్. మీ కంపెనీదే.”

“ఇగ ఫికరేంది, పట్టుతది. తెర మంచిగుంటే డెబ్బై వేలకు తక్కువ రాదు. నీ తాన ముప్పై ఎనిమిదే ఉన్నయంటివి, గవ్వే ఇయ్యి. ఇప్పుడే వద్దు. కందులు కొనేటోడు దోసిట్ల పోసుకొని చూడకుంట కొంటడా? తీస్కపో. నాలుగు దినాలు పని చేయించు. సోమవారం నా కౌంటరు మీద పైసలన్న ఉండాలె, కెమెరా అన్న ఉండాలె.”

కాగితం లేదు, సంతకం లేదు. ఆమె దండం పెట్టింది. ఆయన అప్పటికే పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ముసలాయనతో కన్నడంలో గడ్డం పైకెత్తమని చెబుతున్నాడు.

*

శుక్రవారం ఆమెకు పని లేదు. ఉన్నా చేసేది కాదేమో.

తన లెన్సును బిగించి కన్ను పెట్టగానే కెమెరా కిటికీ నడుమ సన్నటి నల్ల గీత ఒకటి డబ్బాలాగా కనబడింది. నిన్న స్టూడియోలో లేదు. వంకర పోకుండా సరిచూసుకోవడానికి కాబోలు అనుకుంది. పెద్ద కెమెరాలకు పెద్ద మర్యాదలు ఉంటాయి. తెర ఉంటే ఏదో మీట నొక్కి అడిగేది, తెర లేదు. కాసేపటికి గీత ఉన్న సంగతే మరిచిపోయింది.

అనంతగిరి రోడ్డున నడిచింది. మోదుగులు పూసి ఉన్నాయి. ఒక చెట్టును కింది నుంచి కొస దాకా పట్టింది. సైకిల్ మీద పాల క్యాన్లతో పోతున్న మనిషిని, అతని ముందున్న దారిని, వెనక వదిలేసిన దారిని ఒక్కసారే పట్టింది. టక్ మని మెత్తగా తలుపు వేసినట్టు చప్పుడు. తీసింది కనబడదు. తల దించి చూసుకుందామంటే వెనక నల్లటి పలక, అందులో తన మొహమే. తీసిన ప్రతిదీ ఎక్కడో లోపలికి పోయి చీకట్లో కూర్చుంటోంది. అందులో ఒక మత్తు ఉంది. ఏది బాగా వచ్చిందో తెలియదు కాబట్టి అన్నీ బాగానే వచ్చినట్టు ఉంటుంది.

ఇంటికి వచ్చాక బాలస్వామి అడిగాడు. “ఏం పడ్డదో సూస్కోవా?”

“రేపు బంట్వారంల పని ఉంది గద. గదైనంక అన్నీ ఒక్కపారే సూస్త.”

“ఎందుకట్ల?”

“గిప్పుడే సూస్తే మజా పోతది.”

ఆమె తప్పు చేసింది ఇక్కడే. పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషి, కొత్త సామాను మీద ఒక్క ఫోటో కూడా సరిచూసుకోకుండా పనికి పోయింది. కల కంటున్నవాళ్ళను తట్టి లేపడం ఎవరి తరం.

*

బంట్వారంలో కిష్టప్ప ఇల్లు సన్నటి సందులో ఉంది. ఆయన నలభై రోజులు హైదరాబాదు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. అందుకని శనివారం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నారు. షామియానా, పాటలు, ప్రార్థన, తర్వాత బగారన్నం. కొడుకులు, కోడళ్ళు, బిడ్డలు, అల్లుళ్ళు అందరూ వచ్చారు. ఎవరి ఫోన్లలో వాళ్ళు వందల ఫోటోలు తీసుకున్నారు గానీ గోడకు పెట్టేది మాత్రం కెమెరా ఫోటోనే కావాలని కిష్టప్ప పట్టు. అదీ ఇంటి ముందరే తీయాలి, తలుపు మీద ఎర్రరంగుతో రాయించుకున్న బైబిలు వాక్యం పడాలి. ఆ తలుపులోంచి ఆయన్ని మోసుకుపోయారు, అదే తలుపులోంచి నడిచి వచ్చాడు.

పెద్దకొడుకు శ్రీహరి జ్యోతిరాణి చేతిలోని కెమెరాను పరీక్షగా చూశాడు. “గిది ఫుల్ ఫ్రేమేనా మేడం? మా బామ్మర్ది పెండ్లి ఉంది మే నెలల. నవాబుపేట మా అత్తగారోళ్ళు గిదే అడుగుతున్రు. ఇయ్యాల రాలేకపోయిన్రు, రేపొస్తరు. ఫోటో మంచిగొస్తే మెయిన్ కెమెరా నీదే.”

మెయిన్ కెమెరా. ఇప్పటి దాకా పెద్ద పెళ్ళిళ్ళలో ఆమెకు దక్కింది ఆడవాళ్ళ గదిలో ఫోటోలు, మూలన లైటు పట్టుకోవడం. 

నీళ్ళ కోసం లోపలికి వెళ్ళినప్పుడు ముందు గదిలో పాత కుటుంబం ఫోటో చూసింది. పక్కన గిన్నెలు తోముతున్న పెద్దామె చేతులు కడుక్కుని చెంబు తెచ్చి ఇచ్చింది. కిష్టప్ప అక్క, రాహేలమ్మ. పెళ్ళైన మూడేళ్ళకే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

“గా ఫోటోల నువ్వేడున్నవ్ పెద్దమ్మా?”

“నేను గూడ నిలవడ్డ బిడ్డ. గీ చివర్న.” రాహేలమ్మ వేలితో చెక్క చట్రం మీద, ఫోటో అయిపోయిన చోట చూపించింది. “పడలే.”

ఫిర్యాదుగా అనలేదు. వాన పడలే అన్నట్టే అంది. ఎవరు తీశారో గానీ, ఎవరి వీపో గోడకు తగిలి ఉంటుందని జ్యోతిరాణికి తెలుసు. తానూ ఎంతమందిని అట్లా వదిలేసిందో.

“ఈపారి పడుతవ్ పెద్దమ్మా. గిది పెద్ద కెమెరా.”

“నిజంగనా? జర పడనియ్యి బిడ్డ. నా తమ్ముడు వాపస్ వచ్చిండు గద.”

సందులో కుర్చీలు వేశారు. నడుమ కిష్టప్ప, అటూ ఇటూ కొడుకులు, అల్లుళ్ళు. వెనక బల్ల మీద ఆడవాళ్ళు. కింద పిల్లలు. శ్రీహరి ఒక్కొక్కరికీ చోటు చూపించాడు. రాహేలమ్మకు ఎవరూ చూపించలేదు. ఆమె అందరికన్నా చివర వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కుడి వైపు కొసన నిలబడి, ముందున్న పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

జ్యోతిరాణి వెనక్కి జరిగింది. ఎదురింటి గోడ వీపుకు తగిలింది. అలవాటుగా, చివరి ఇద్దరూ పడరనుకుంది. కన్ను పెట్టింది. అందరూ ఉన్నారు! ఎడమ కొసన షామియానా కర్ర, కుడి కొసన రాహేలమ్మ, పాదాల దాకా, ఆమె పక్కన ఇంకా జానెడు ఎండ కూడా.

“పెద్దమ్మా, పడ్డవ్!” అని అరిచింది.

రాహేలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వు మీద మూడుసార్లు నొక్కింది.

*

సాయంత్రం కంప్యూటర్‌లో కార్డు పెట్టింది. ముందు శుక్రవారం ఫోటోలు వచ్చాయి. మోదుగ చెట్టుకు కొస లేదు. పాల మనిషికి వెనక దారి లేదు. తనే సరిగా పట్టలేదేమో అనుకుంది. 

కుటుంబం ఫోటో తెరుచుకుంది. రంగులు చూడ ముచ్చటగా ఉన్నాయి. కిష్టప్ప మొహంలో ప్రతి ముడతా తెలుస్తోంది. ఎడమ వైపు షామియానా కర్ర లేదు. కుడి వైపు పిల్ల భుజం మీద ఒక చెయ్యి ఉంది, మణికట్టు దాకా. ఆ చెయ్యి తాలూకు మనిషి లేదు.

మూడింటిలోనూ అంతే.

చంద్రకాంత్‌కు ఫోన్ చేసింది. ఆయన అంతా విని, “నీది చిన్న కెమెరా లెన్సా?” అన్నాడు. “అయ్యో బిడ్డ, నేనన్న అడగకపోతి. గా లెన్సు పెడితే గీ కెమెరా తనంతట తనే చుట్టూర కోసేస్తది. లోపట సన్నగ డబ్బా లెక్క గీత కనబడలే?”

“కనబడ్డది సార్.”

“గా గీత లోపలిదే ఫోటో. బయటిది ఉత్త చూపే. మార్చొచ్చు, గానీ తెర లేకపాయె. టీవీకి వైరు పెట్టి మార్చాలె, వైరు నా తాన ఉంది. సోమవారం రా. వద్దనుకుంటే వాపస్ ఇచ్చెయ్, నేనేమనుకోను.”

ఫోన్ పెట్టేసి ఆమె చాలాసేపు ఆ చెయ్యినే చూస్తూ కూర్చుంది.  పడ్డవ్ అని సందంతా వినేలా అరిచింది కదా. పాత ఫోటోగ్రాఫర్ కనీసం మాట ఇవ్వలేదు.

బాలస్వామి వెనక నిలబడి చూశాడు. “మస్తుంది గద. వాళ్ళెవలన్న అడుగుతరంటవా?”

“అడగరు. గదే నా బాధ.”

*

ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయిపోయి భోజనాలకు కూర్చునే వేళకు ఆమె బంట్వారం చేరింది. తిన్నాక ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోతారు. వికారాబాద్‌లో ఒకటి పెద్దగా ప్రింటు తీయించి తెచ్చింది. నవాబుపేట వాళ్ళు నలుగురు అప్పుడే దిగారు.

శ్రీహరి ప్రింటును ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. “సూడుండ్రి మామా! రంగు సూడుండ్రి.”

ఆయన మామ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి తల ఊపాడు. “ఫుల్ ఫ్రేమంటే ఫుల్ ఫ్రేమే. పెండ్లికి గీ అమ్మాయినే పెట్టుండ్రి.”

ప్రింటు చేతులు మారింది. కోడళ్ళు తమ చీరలు చూసుకున్నారు, పిల్లలు తమ మొహాలు వెతుక్కున్నారు. ఇంతమందిలో ఒక్కరూ కొసన ఆ చెయ్యి ఎవరిదని అడగలేదు. జ్యోతిరాణి నిలబడి చూస్తోంది. ఊరుకుంటే పెళ్ళి తనది. కెమెరా తనది. ఊరుకోవడానికి ఏమీ చేయనక్కర్లేదు కూడా.

వంటింటి గుమ్మంలోంచి రాహేలమ్మ వచ్చింది. ఎవరో ప్రింటు ఆమెకు అందించారు. దగ్గరగా పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వెళ్ళింది. కొసన ఆగింది.

“గిగో, నా చెయ్యి,” అంది. “చెయ్యి పడ్డది బిడ్డ.”

సంతోషంగానే అంది. అదే తట్టుకోలేకపోయింది జ్యోతిరాణి.

“తప్పు నాది,” అంది గట్టిగా. “కెమెరా నాకు సరిగ తెల్వదు. కొత్తది, తెర లేదు, నేను చూస్కోలే. పెద్దమ్మ పడ్డదని చెప్పిన, పడలే. గీ ఫోటో పైసలు నాకొద్దు.”

నవాబుపేట మామ కళ్ళద్దాలు తీశాడు. శ్రీహరి మొహం చిన్నబోయింది. “ఏం మాట్లాడుతున్నవ్ మేడం, మంచిగనే ఉంది గద. అందరున్నరు.”

“అందరు లేరన్న.”

కుర్చీలో ఉన్న కిష్టప్ప చెయ్యి చాచాడు. ప్రింటును మోకాళ్ళ మీద పెట్టుకుని, చూపుడు వేలితో ఒక్కొక్క మొహం మీద ఆగుతూ వెళ్ళాడు. కొసకు వచ్చేసరికి వేలు చెయ్యి మీద నిలిచిపోయింది.

“అక్క ఏది?” అన్నాడు.

 రాహేలమ్మే అంది. “నాదేముంది తియ్యి. అన్నం సల్లగైతుంది.”

“నలబై దినాలు దవాఖాన్ల కింద పండుకున్నది ఎవలు?” కిష్టప్ప గొంతు ఇంకా బలహీనంగానే ఉంది. “ఒక్కపూటన్న ఇంటికి పోయినవా నువ్వు? కుర్చీలు బయట పెట్టుండ్రి. అన్నం తర్వాత.”

మళ్ళీ సందులోకి వచ్చారు. ఈసారి నవాబుపేట వాళ్ళు నలుగురు కూడా. జ్యోతిరాణి వీపును ఎదురింటి గోడకు ఆనించి కన్ను పెట్టింది. ఇప్పుడు ఆమెకు గీత తప్ప ఇంకేమీ కనబడటం లేదు. గీత లోపల ఉన్నవాళ్ళు, బయట ఉన్నవాళ్ళు.

“జరుగుండ్రి. ఇంక జరుగుండ్రి. భుజం ఎనక భుజం పెట్టుండ్రి.” పిల్లలను ఒళ్ళలోకి ఎక్కించింది. బల్ల మీద ఆడవాళ్ళను పక్కకు తిప్పి నిలబెట్టింది. అల్లుళ్ళు నవ్వుకుంటూ ఒకరినొకరు ఒరుసుకున్నారు. అయినా ఒక్కరు పట్టడం లేదు. ఎట్లా చూసినా ఒక్కరు.

ఆ మాట ఆమె చెప్పేలోపే రాహేలమ్మ కొస నుంచి ఒక అడుగు పక్కకు వేసింది. ఎవరూ చెప్పకుండానే, ఇన్నేళ్ళ అలవాటుతో.

కిష్టప్ప కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. కొడుకులు పట్టుకోబోతే వద్దన్నాడు. మెల్లగా నడిచి వచ్చి అక్క రెక్క పట్టుకుని తీసుకుపోయి నడుమ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె లేవబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. తర్వాత మళ్ళీ నడుచుకుంటూ కుడి కొసకు వచ్చి, ఆమె నిలబడ్డ చోటే నిలబడ్డాడు.

“పెద్దనాయినా,” అంది జ్యోతిరాణి. “ఆడ నిలవడితే నువ్వు పడవు.”

“నాయినా, గీ ఫోటో నీ కోసమే గద!” అన్నాడు శ్రీహరి.

“నాకెర్కనే. మా అక్క గిన్నేండ్లు గీడనే నిలవడ్డది. ఒక్కపారి నేను నిలవడి సూస్త.” గోడకు చెయ్యి ఆనించుకుని ఊపిరి తీసుకున్నాడు. “తియ్యి బిడ్డ.”

శ్రీహరి తల దించుకున్నాడు. జ్యోతిరాణి కన్ను ఆనించింది. కిటికీలో గీత, గీతకు బయట వెలుతురులో కిష్టప్ప, నిటారుగా, నవ్వుతూ. పాత కెమెరా అయితే తను వదిలేస్తున్న మనిషి కనబడేవాడే కాదు. ఇది చూపిస్తోంది. తెర ఉన్నా లేకపోయినా, పెళ్ళి పని ఇచ్చినా ఇవ్వకపోయినా, రేపు తను తాండూరులో ఆ కౌంటరు మీద పైసలే పెడుతుంది. మోచేతులను పక్కలకు గట్టిగా అదుముకుంది.

“అందరు ఇటు సూడుండ్రి. పెద్దమ్మా, ఇటు.”

రాహేలమ్మ తిప్పిన తల తిప్పినట్టే ఉంది.

“పెద్దమ్మా, కెమెరా దిక్కు సూడు.”

చూడలేదు. కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొసన నిలబడ్డ తమ్ముడి వైపే చూస్తోంది. అందరి కళ్ళూ లెన్సు మీద ఉన్నాయి, ఆమెవి తప్ప. జ్యోతిరాణి మూడోసారి పిలవలేదు. ఊపిరి సగం వదిలి, నొక్కింది.